ఏడు కానాల వంతెన మీద పున్నమ్మ

కాపరానికి వచ్చిన రోజున పున్నమ్మ ఆ వంతెనను చూసి ఏడ్చింది. వినుకొండ దాటి పడమటికి పోయే చిన్న రైలుదారి గుండ్లకమ్మను దాటే చోట, ఏటి ఒడ్డునే రైలు కూలీలైన కళాసీల కోటర్సు ఉండేవి. వరసగా నాలుగు గదులు. చివరి గది ఆమె మొగుడు దానయ్యది. ఊరు మైలు దూరం. ఒక పక్క నల్లరేగడిలో పత్తిచేలు, ఇంకో పక్క ఏటి ఇసక, నెత్తిన ఈ ఇనుప వంతెన. బండి వచ్చిందంటే స్తంభాల నడుమ ఏడు కానాలూ ఒక్కసారిగా మోగేవి. ఇంట్లో ఉట్టి ఊగేది, మూకుళ్ళు దడదడలాడేవి. మొదటి బండికే ఆ పద్నాలుగేళ్ళ పిల్ల వాకిట్లోకి పరిగెత్తి, వంతెన పడిపోతోందనుకుని ఏడుపు లంకించుకుంది.

దానయ్య పగలబడి నవ్వాడు. "పడదులేవే పిచ్చిదానా. పడకుండా చూసేదానికేగా నాకు జీతమిచ్చేది!"

మాటవరసకు అన్నది కాదు. అతను నిజంగానే అలా అనుకునేవాడు. వంతెన పని చేసేవాళ్ళు పదిమంది దాకా ఉన్నా, రివెట్లు చూసే పని మాత్రం అతనొక్కడిదే. ఇనుప రేకులను ఒకదానికొకటి బిగించి పట్టుకునే గుండు తలల మేకులు అవి. ఆ వంతెనకు వేల మీద ఉన్నాయి. వానలు వెనకపట్టాక ఏటా ఒకసారి ప్రతి రివెట్టునూ చిన్న సుత్తితో కొట్టి చూడాలి. ఒక వైపు సుత్తి దెబ్బ, రెండో వైపు ఎడమచేతి వేలు. బిగువుగా ఉన్నది వేలికి ఏమీ చెప్పదు, చెవికి మాత్రం కంచుగిన్నె మీద కొట్టినట్టు టంగుమంటుంది. వదులైనది వేలి కింద జివ్వుమంటుంది, పగిలిన కుండలా పలుకుతుంది. ఈ రెంటికీ మధ్య ఉన్నవే చిక్కు. అక్కడ వేలు సగం చెబితే మిగిలిన సగం చెవే చెప్పాలి. వదులని తేలినదాని చుట్టూ తెల్లరంగుతో సున్నా చుట్టాలి. తరవాత పెద్దవాళ్ళు వచ్చి సున్నాలు లెక్కచూసుకుని, వాటిని తీయించి కొత్తవి కొట్టిస్తారు.

దానయ్యకు ఈ పని నేర్పింది మీరా హుస్సేన్ మేస్త్రీ. తెల్లగడ్డం, పెద్ద గొంతు. ఆయన శిష్యులకు చెప్పే మాట ఒక్కటే: "అనుమానం వస్తే సున్నా చుట్టెయ్యరా. గట్టిదానికి చుడితే పోయేదేం లేదు, ఒక దెబ్బ ఎక్కువ కొడతారు. వదులుదాన్ని వదిలేశావా, బండెడు జనం పోతారు." దానయ్య దాన్ని బైబిలు వాక్యంలా పట్టుకున్నాడు.

యుద్ధం రోజుల్లో రెండేళ్ళపాటు పాత రివెట్లు మార్చే పని జోరుగా సాగింది. ఎర్రగా కాలిన రివెట్టును బయటి నుంచి గాలిసుత్తితో కొడుతుంటే, లోపల గర్డరు, అంటే వంతెనను మోసే ఇనుప దూలం, ఇరుకులో నక్కి రెండో వైపున దిమ్మె ఆనించి పట్టుకునేది దానయ్య. తలకాయను డప్పులో పెట్టినట్టుండేదని చెప్పేవాడు. చీకటిపడ్డాక కూడా చెవుల్లో హోరు ఆగేది కాదు. తరవాత హోరు ఆగిపోయింది. హోరుతో పాటు కోడికూత, కూతురి ఏడుపు, చర్చి గంట కూడా ఒక్కొక్కటే వెళ్ళిపోయాయి. అతను ఎవరికీ చెప్పలేదు.

పున్నమ్మ కనిపెట్టింది. ఆమెకు నోరు తక్కువ, చూపు ఎక్కువ. మొగుడు మాట్లాడేవాళ్ళ ముఖాల్లోకి పరీక్షగా చూడటం, అడిగిందానికి సంబంధంలేని జవాబు చెప్పి తనే నవ్వెయ్యడం ఆమె గమనిస్తూనే ఉంది. ఒకనాటి సాయంత్రం అతను వాకిట్లో చుట్ట కాలుస్తూ కూర్చుని ఉండగా, వెనక నుంచి వెళ్ళి ఇత్తడి బిందెను రాతి మీద వదిలేసింది. పక్కింటి వాళ్ళు ఉలిక్కిపడి బయటికొచ్చారు. దానయ్య చుట్ట పొగ వదులుతూ ఏటివైపు చూస్తూనే ఉన్నాడు.

ఆమె ముందుకొచ్చి నిలబడింది. కింద దొర్లుతున్న బిందెను అతను చూశాడు, ఆమె ముఖం చూశాడు. దొంగతనం బయటపడ్డవాడిలా తల దించుకున్నాడు.

"ఎన్నాళ్ళ నించి?" అంది.

అతనికి వినపడలేదు. కాని ఆమె అడిగేది ఇంకేముంటుంది? "మూడేళ్ళయింది. ఎవురికీ చెప్పబాక. చూపు తగ్గిందని గేటు ఈరన్నని వారంలో ఇల్లు ఖాళీ చేయించారు, తెలుసుగా నీకు," అన్నాడు.

ఆ ఏడాది వానలయ్యాక వంతెనకు తుప్పు గీకే పనికి ఆడకూలీలను పిలిచారు. పున్నమ్మ కొంగు బిగించి వెళ్ళింది. గీకే పని అయిపోయాక మిగతావాళ్ళు ఇళ్ళకు పోయారు. ఆమె మాత్రం తెల్లరంగు డబ్బా, కుంచె పట్టుకుని మొగుడి వెనకాల నిలబడింది. మీరా హుస్సేన్ గడ్డం నిమురుకుంటూ చూశాడు.

"ఏం చెల్లెమ్మా, నువ్వూ వస్తావా?"

"డబ్బా పట్టుకుంటాను సాయిబుగారూ. వంగీ లేచీ ఆయనకి నడుం పట్టేస్తందంట."

ఆయన దానయ్య వంక చూశాడు, ఆమె వంక చూశాడు. "పట్టుకో, పట్టుకో. ఆడదాని చేతిలో రంగు తొందరగా ఎండిపోదులే," అంటూ వెళ్ళిపోయాడు. ఆయనకు తెలిసిపోయిందని పున్నమ్మకూ తెలిసిపోయింది. ఆ తరవాత ఇద్దరిలో ఎవరూ ఆ ఊసెత్తలేదు.

అలా ఎనిమిదేళ్ళు గడిచాయి. దానయ్య కొట్టేవాడు, పున్నమ్మ వినేది. గట్టిగా పలికితే తల వంచుకుని ఉండేది, బోలుగా పలికితే కుంచె అందించేది. చూసేవాళ్ళకు డబ్బా మోసే ఆడది, అంతే. మొదటి ఏడాది ఆమెకు అన్నీ ఒకలాగే వినపడ్డాయి. రెండో ఏటికి ఒక్కో కానా గొంతు తెలిసింది. మూడో కానా కొంచెం బొంగురు, ఎండ ముదిరితే ఆరో కానా సన్నగా పలుకుతుంది. అప్పటి నుంచి ఏటా ముప్పయ్యో నలభయ్యో సున్నాలు పడేవి. పైవాళ్ళు తీయించి చూస్తే ఒక్కటీ తప్పయ్యేది కాదు. "దానయ్య చెయ్యి దైవం చెయ్యిరా," అనేవాడు మీరా హుస్సేన్, పున్నమ్మ వంక చూడకుండా.

ఇంట్లోనూ అంతే. దానయ్య పెదవులు చూసి మాట పోల్చుకోవడం నేర్చుకున్నాడు, కాని పున్నమ్మ పెదవులే నేర్చుకున్నాడు. మిగతావాళ్ళ మీసాలు, నోట్లో కిళ్ళీలు, గబగబ మాటలు అతనికి పట్టుబడలేదు. ఎవరేమన్నా ఆమె వైపు తిరిగేవాడు. ఆమె ఎదురుగా కూర్చుని, ఒక్కో మాటా విడివిడిగా, నోరంతా తెరిచి చెప్పేది. గొంతెత్తని మనిషి అలా మూతి సాగదీసి మాట్లాడుతుంటే పక్కింటి ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవారు. దానయ్య తమ్ముడు కలరాతో పోయినప్పుడు, "పని మీదున్న మనిషికి ఇప్పుడే చెప్పొద్దమ్మా," అన్నారు చుట్టాలు. ఆమె నేరుగా వంతెన మీదికి వెళ్ళి, అతని చేతిలో సుత్తి తీసుకుని, చెప్పేసింది. అతను ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, "నువ్వు చెప్పావంటే నేను నా చెవితో విన్నట్టే," అన్నాడు.

పందొమ్మిదొందల అరవయ్యో సంవత్సరం వానాకాలం చివర్లో పొదిలి నుంచి కబురొచ్చింది. కూతురు మాణిక్యం నిండు చూలాలు. రక్తం పడుతోందట, బస్సు ఎక్కించొద్దని కాంపౌండరు చెప్పాడట. పుట్టింటికి తేవడానికి లేదు, తల్లే రావాలి.

పున్నమ్మ మూట కట్టుకుంటూ ఆగిపోయింది. "సుత్తి పని దగ్గరికొచ్చిందిగా మావా," అంది.

"జొరమని పడుకుంటాలే. నువ్వొచ్చాకనే పడతా సుత్తి. బిడ్డ పానం కంటేనా? పో!"

వెళ్ళింది. వారం అనుకున్నది రెండు నెలలైంది. కాన్పు కష్టమై, ఆడపిల్ల పుట్టి, మాణిక్యానికి పచ్చివాతం కమ్మి, మంచం దిగేసరికి క్రిస్మసు దాటింది.

ఇక్కడ మీరా హుస్సేన్ ఆ ఏడే పని విరమించి ఊరికి వెళ్ళిపోయాడు. కొత్త మేస్త్రీకి దానయ్య జ్వరం మీద నమ్మకం కుదరలేదు. పైగా పెద్ద ఇనస్పెక్టరు శేషాచలంగారు క్రిస్మసు పండక్కి ముందే వస్తున్నారని తంతి. దానయ్య సుత్తి పట్టుకుని ఒక్కడే వంతెన ఎక్కాడు. మూడు వారాలు కొట్టాడు. వేలు జివ్వుమంటే సున్నా. వేలు ఏమీ చెప్పకపోతే, గట్టిదా, వేలే మొద్దుబారిందా అని అనుమానం. అనుమానం వస్తే సున్నా. వెనక్కి తిరిగి చూస్తే కుంచె అందించే మనిషి లేదు.

పున్నమ్మ బండి దిగి ఏటి ఒడ్డున నడిచి వస్తూ తలెత్తి చూసింది. గర్డర్ల నిండా తెల్లసున్నాలు, జొన్నచేను మీద కొంగలు వాలినట్టు. ఆమె మూట ఇసకలో దించింది. స్నానాల రేవు పక్కన మొదటి కానా చేతికందుతుంది. ఒక గులకరాయి తీసుకుని సున్నా చుట్టిన రివెట్టును కొట్టింది. టంగుమంది. ఇంకొకటి కొట్టింది. పది కొట్టింది. వాటిలో ఒక్కటే వదులు.

దానయ్య ఇంటి ముందు కూర్చుని ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. ఎడమచేతి చూపుడువేలికి గుడ్డ చుట్టి ఉంది. ఆమెను చూసి లేచాడు. మనవరాలి గురించి కూడా అడక్కుండా, "చూశావా? ఒక్కటి వదల్లేదు. నాలుగొందల పైమాట. శేషాచలం బాబుగారు ట్రాలీ ఆపి దిగి, నా భుజం మీద చెయ్యేశాడు పున్నీ! ఎట్టా ఉంది పని?" అన్నాడు.

ఆమె అతని వేలికున్న గుడ్డను చూసింది. నోరు విడివిడిగా తెరిచి, "మంచి పని చేశావు మావా," అంది.

అది ఆమె అతనికి చెప్పిన మొదటి అబద్ధం.

ఆ మర్నాడే నిజం చెప్పేద్దామనుకుంది. ఏమని చెప్పాలి? చెబితే అతను ఊరుకునే మనిషి కాదు. నేరుగా వెళ్ళి దొరల ముందు చెవుల సంగతి బయటపెట్టేస్తాడు. ఉద్యోగం పోతుంది, ఇల్లు పోతుంది. నాలుగొందల రివెట్లకు ఒక్కో దెబ్బ ఎక్కువ కొడతారు, అంతేగా అనుకుంది. సాయిబుగారు చెప్పిందీ అదేగా.

కాని ఎవరూ దెబ్బలు కొట్టలేదు. ఎండాకాలం పోయి మళ్ళీ వానలొచ్చాక, ఏడు కానాల గర్డర్లూ తీసేసి కొత్తవి పెడతారని తెలిసింది. దానయ్య పండగ చేసుకున్నాడు. ఊళ్ళోకి వెళ్ళి టీ బంకు దగ్గర కూర్చుని, "నా సుత్తి చెప్పబట్టే కదరా, లేకపోతే ఏదో ఒకనాడు బండి ఏట్లో ఉండేది," అని అందరికీ చెప్పాడు. జనం తలలూపేవారు. ఇంటికొచ్చి ఆమెను అడిగేవాడు: "వాళ్ళేమంటన్నారు?"

"నీ వల్ల బతికామంటన్నారు."

ఒకసారి మొదలయ్యాక ఆపడం ఆమె వల్ల కాలేదు.

అరవై రెండు వేసవిలో కొత్త గర్డర్లు దిగాయి. ఏరు ఎండి ఇసక మేట వేసి ఉంది. మిరపకాయలు కల్లాల్లో ఎండుతున్నాయి. కల్లాలు వదిలేసి జనం చూడటానికొచ్చారు. వంతెన పక్కనే, పట్టాల కింద వేసే స్లీపరు చెక్కలు గూళ్ళుగా పేర్చారు. బండ్లు ఆపేసి, జాకీలతో పాత గర్డరును పైకెత్తి, అంగుళం అంగుళం చొప్పున పక్కకు జరిపి, అంతే నెమ్మదిగా కొత్తదాన్ని దాని చోట్లోకి తోశారు. పాతది గూళ్ళ మీద నిలబడినప్పుడు జనం ఈలలు వేశారు. దానయ్య మాత్రం తల మీది పాగా తీసేశాడు.

దించిన గర్డర్లను ఇసకలోనే విడగొట్టాలి. గ్యాసుమంటతో రివెట్టు తల కోసి, మిగిలిన కాడను గుద్ది బయటికి తోస్తారు. ఆ పనికి బయటి నుంచి మనుషులొచ్చారు. వాళ్ళలో జక్రయ్య అని ఒక వాగుడుకాయ ఉన్నాడు. మొదటి రోజు పొద్దున్నే సుత్తి విసిరికొట్టి తిట్ల దండకం అందుకున్నాడు.

"ఒరేయ్, ఏ ఎదవ చుట్టాడ్రా ఈ సున్నాలు? తల కోసినా కాడ కదలడంలా! ఇది వదులంట! మా అత్త నోరు కూడా ఇంత గట్టిగా ఉండదు!"

"సున్నాలు కాదురా, ముగ్గేశాడు. నెలపట్టారేమో," అన్నాడు ఇంకొకడు. అందరూ గొల్లుమన్నారు.

దానయ్య అక్కడే చెక్క దిమ్మె మీద కూర్చుని ఉన్నాడు. నవ్వే ముఖాలు చూసి తనూ నవ్వాడు. పున్నమ్మ వైపు తిరిగాడు.

"ఏమంటన్నాడు ఆ పొట్టోడు?"

"ఇంత ఓపిగ్గా ఎవురు చుట్టారబ్బా అంటన్నాడు."

దానయ్య జక్రయ్యకు దండం పెట్టి, "నేనేరా అబ్బాయ్, నేనే!" అన్నాడు గర్వంగా.

పున్నమ్మ మొగుడి వెనక నుంచి జక్రయ్యకు రెండు చేతులూ జోడించింది. వాగుడుకాయే గాని కఠినుడు కాదు. తల గోక్కుని, "సరే పెద్దాయనా," అని పనిలో పడ్డాడు.

ఆమె రెండు రోజులు మొగుణ్ణి విడవకుండా తిరిగింది. నలుగురు గుమిగూడిన చోట నిలబడనిచ్చేది కాదు, అన్నానికి రమ్మని చెయ్యిపట్టి లాక్కుపోయేది. మనుషుల నోళ్ళ నుంచి అతన్ని కాపాడుతున్నాననుకుంది. అతను ఇరవై ఏళ్ళు ఆ ఇనుముతోనే బతికాడన్న సంగతి ఆమెకు తట్టలేదు.

మూడో రోజు మధ్యాహ్నం ఆమె మంచినీళ్ళ కోసం చెలమ దగ్గరికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి దానయ్య ఇసకలో మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. ముందు గుద్ది తోసిన రివెట్టు కాడల కుప్ప. తెల్లసున్నా ఉన్న రేకు కిందివి ఏరుకుంటున్నాడు. వదులు రివెట్టు కాడ అరిగి, మెడ దగ్గర ఎర్రటి తుప్పుపొడి పూసుకుని వస్తుంది. ఇవి నున్నగా, కొత్త కత్తిలా నీలంగా ఉన్నాయి. ఒకటి చూశాడు, పక్కన పెట్టాడు. ఇంకొకటి చూశాడు. అలా ఎన్ని చూశాడో. కూలీలు పని ఆపేసి నిలబడ్డారు. ఎవరూ నవ్వలేదు.

పున్నమ్మ నీడ మీద పడితే తలెత్తాడు.

"ఆ పొట్టోడు మొన్న ఏమన్నాడు?"

ఆమె నీళ్ళ బిందెను ఇసకలో దించింది.

"నీకెప్పుడు తెలుసు?"

"పొదిలి నుంచొచ్చిన రోజు," అంది. ఈసారి నోరు అంతగా తెరవలేకపోయింది. అయినా అతనికి అర్థమైంది.

అతను లేచి మోకాళ్ళ ఇసక దులుపుకున్నాడు. ఒక కాడను గుప్పిట్లో పట్టుకుని శేషాచలంగారి గుడారం వైపు నడిచాడు. పున్నమ్మ వెనకాలే పరిగెత్తింది. శేషాచలంగారు బల్ల మీద నక్షా పరుచుకుని ఉన్నారు. సన్నటి మనిషి, మందపు కళ్ళద్దాలు.

"బాబుగారూ, నాకు చెవుల్లేవు. పదేళ్ళ పైనయింది. ఇది గట్టిది. అన్నీ గట్టివే. నా అనుమానం కొద్దీ చుట్టాను. బంగారమంటి వంతెన, నేనే పడగొట్టాను బాబుగారూ," అన్నాడు దానయ్య. రివెట్టు కాడను బల్ల మీద పెట్టాడు.

శేషాచలంగారు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"కూర్చోవయ్యా. నువ్వు పడగొట్టడమేమిటి? ఈ వంతెన మార్చాలని నాలుగేళ్ళ కిందటే నిర్ణయమైంది. బరువైన ఇంజన్లు వస్తున్నాయి, వాటికి ఈ పాత గర్డర్లు సరిపోవు. కొత్తవాటికి ఆర్డరు కూడా నీ సున్నాలకు ఏడాది ముందే వెళ్ళింది. నీ సున్నాలు చూడగానే నాకు అనుమానమొచ్చింది, అయినా తీసేసే వంతెనే కదా అని పట్టించుకోలేదు. నువ్వు ఒక్క సున్నా చుట్టకపోయినా ఇది ఈ వేసవిలో దిగేదే."

దానయ్య ఆయన ముఖం వైపే చూస్తూ నిలబడ్డాడు. ఒక్క ముక్కా అందలేదు. అలవాటు చొప్పున పున్నమ్మ వైపు తిరిగాడు.

ఆమె అతని రెండు భుజాలూ పట్టుకుంది. కన్నీళ్ళు మింగుకుంటూ, ఒక్కో మాటే, అన్నేళ్ళలో ఎన్నడూ చెప్పనంత శుభ్రంగా చెప్పింది. నాలుగేళ్ళ కిందటే. బరువు ఇంజన్లు. నీ సున్నాలకు ముందే. నీ వల్ల కాదు మావా, నీ వల్ల కాదు.

దానయ్య ఆఖరి దాకా చూశాడు. తరవాత ఆమె చేతులు మెల్లగా తన భుజాల మీద నుంచి తీశాడు.

"పోనీలే పున్నీ," అన్నాడు. "ఇంక చాల్లే."

ఆమె శేషాచలంగారి వైపు తిరిగి, "బాబుగారూ, మీరు చెప్పండి. నా మాట నమ్మడంలా, మీరు చెప్పండి!" అంది. ఆయన గట్టిగా అరిచారు. చేతులు ఊపారు. పెట్టెలోంచి పాత కాగితమొకటి తీసి, తారీఖు మీద వేలు పెట్టి చూపించారు. దానయ్యకు అక్షరం ముక్క రాదు. ఆ కాగితాన్ని రెండు చేతులతో అందుకుని, మడతపెట్టి, మర్యాదగా తిరిగిచ్చాడు.

"బాబుగారిని కూడా ఎందుకు కష్టపెడతావే," అన్నాడు పున్నమ్మతో.

చెవుల సంగతి తెలిశాక డాక్టరు దగ్గరికి పంపక తప్పలేదు. పనికిరాడని రాశారు. శేషాచలంగారు ఏవో తంటాలు పడి, ఇల్లు ఖాళీ చేయడానికి మూడు నెలలు గడువిప్పించారు. ఆ మూడు నెలలూ దానయ్య గొడవ పడలేదు, తిట్టలేదు. పెట్టింది తిన్నాడు. మాట్లాడాల్సింది మాట్లాడాడు. ఆమె జవాబు చెప్పబోతే మాత్రం చూపు పక్కకు తిప్పుకునేవాడు. కొత్త వంతెన మీద బండి పోతుంటే కాలి కింద నేల అదురును బట్టి తెలుసుకుని, "బలంగానే ఉందిలే," అనేవాడు తనలో తనే.

పొదిలిలో కూతురి ఇంటి పక్కన పాక వేసుకున్నారు. పున్నమ్మ మిరపకోతలకు, పత్తితీతలకు వెళ్ళేది. దానయ్య మనవరాలిని ఆడించేవాడు. కొన్నాళ్ళకు మాణిక్యం పెదవులు పోల్చుకోవడం నేర్చుకున్నాడు. పున్నమ్మ అన్నానికి పిలిస్తే కూతురి వైపు తిరిగి, "మీ అమ్మ ఏమంటంది?" అని అడిగేవాడు. మాణిక్యం చెబితే లేచొచ్చేవాడు.

ఒకనాడు పున్నమ్మ కూతురి దగ్గర కూర్చుని జరిగిందంతా చెప్పి, "నీ మాట వింటాడే. నువ్వన్నా చెప్పు," అని బతిమాలింది. మాణిక్యం తండ్రి ఎదురుగా కూర్చుంది.

"నాన్నా, వంతెన నీ వల్ల పోలా. ముందే అనుకున్నారంట. శేషాచలంగారు చెప్పింది నిజమే నాన్నా."

దానయ్య కూతురి తల నిమిరాడు. "మీ అమ్మ నేర్పిందా?" అన్నాడు. కోపం లేదు. "మంచిది మీ అమ్మ. నేను బాధపడతంటే చూళ్ళేదు. నా చెవిగా ఎనిమిదేళ్ళు ఎండలో నిలబడింది. దాన్ని ఏమీ అనబాక."

పున్నమ్మ గబగబా వచ్చి కూతుర్ని పక్కకు జరిపి, అతని ముందు గొంతుక్కూర్చుంది. "మావా, ఒక్కసారి చూడు. నా నోరు చూడు. ఒక్క అబద్ధం మొదలుపెట్టి దాన్నే సాగదీశాను, ఇది మాత్రం అబద్ధం కాదు. బిడ్డ మీద ఒట్టు."

సాయంత్రపు పొద్దు పాక వెనక్కి ఎప్పుడో వాలిపోయింది. వాకిలంతా నీడ.

"ఎండ కళ్ళల్లో కొడతంది," అని దానయ్య కళ్ళు మూసుకున్నాడు.